రోజూ పైకొచ్చే ఫైలు

చెల్లిలాంటి మిరాన్‌ను కుశలమడిగి ఓక్సున్ అక్క రాయునది,

తొంగ్‌యంగ్ రేవులో చలి ముదిరింది, నా కడుపు మాత్రం మండుతోంది. దాచడమెందుకు, కుళ్లే. పత్రికాఫీసులో ఉన్నది ఒక్క కంప్యూటర్. పొద్దున నేను వంటలు రాస్తాను, సాయంత్రం నువ్వు ప్రేమ సీరియల్ రాస్తావు. ఎదురుపడం కాబట్టి మెయిల్ చేస్తున్నాను. కొత్త ఏడాది ఒక్క పేజీయే మిగులుతుందనీ, ఎవరి ఫైలు ఎక్కువసార్లు తెరిచి ఉంటే వాళ్లకే ఇస్తాననీ ఎడిటర్ ప్యో గారు అన్నారు కదా. అప్పటినుంచి పొద్దున్నే చూస్తే, ఈమధ్య తెరిచిన ఫైళ్ల వరసలో నీ సీరియలే పైన కూర్చుంటోంది. నా ఆల్చిప్పల జావ ఫైలు దాని కింద. నువ్వు పలక పట్టకముందు నుంచీ ఈ పత్రికలో రాస్తున్నదాన్ని.

ఇట్లు,
ఇంకా నీ మేలే కోరుతున్న ఓక్సున్

తా.క. నీ హీరో గొడుగు పట్టుకుని రేవులో ఎంతకాలం నిలబడతాడు? ఊరికే అడిగాను.

*

ఓక్సున్ అక్కకు మిరాన్ నమస్కారాలు.

ఆ పేజీ పోతే నేను ఊళ్లో చేపలు ఎండబెట్టుకోవాలి, కాబట్టి నాకూ భయమే. కానీ నేను ఏ మాయా చేయలేదు.

ఇట్లు,
మిరాన్

తా.క. గొడుగు సంగతి మీకెలా తెలిసింది? ఆ భాగం ఇంకా అచ్చు కాలేదే.

*

మిరాన్‌కు,

ఎలాగేమిటి, తెరిచి చూశాను. రోజూ నా జావ పని ముగించి, ఇంటికెళ్లే ముందు నువ్వెంత రాశావో చూసి పోతాను. ఒక్క అక్షరం పెరగలేదు. అయినా మర్నాటికి నీ ఫైలే పైన. అంటే రాయకుండా ఊరికే తెరిచి మూస్తున్నావు. ఇంత గడుసుదానివనుకోలేదు. వచ్చి లెక్క చూడమని ఎడిటర్ గారికి చెప్పేశాను.

ఇట్లు,
ఓక్సున్

తా.క. నీ కథలో ఆ అమ్మాయి పడవ దిగుతుందా, దిగదా? నాకు నిద్ర పట్టడం లేదు.

*

అక్కకు,

నేను ఆఫీసు మొహం చూసి చాలా రోజులైంది. మా అమ్మ కాలు విరిగితే యోక్జీ దీవిలో తన దగ్గరే ఉన్నాను. ఈ సంగతి ఎడిటర్ గారికి తెలుసు, మీకే చెప్పలేదు.

మీరు పిలిచారని ఆయన వచ్చి లెక్క చూశారట. సెలవులో ఉన్నదాని ఫైలు రోజూ ఎవరు తెరుస్తున్నారా అని కాసేపు తల గోక్కున్నారట. తెరిచిందంతా పొద్దుటిపూటేనని తేలాక, ఆఫీసు పొద్దుటి తాళం మీ దగ్గరే ఉందని గుర్తొచ్చిందట. "నీ కథ, ఓర్వలేని మనిషి చేతే రోజూ చదివించుకుంది, ఇంకేం కావాలమ్మా" అని ఫోన్ చేసి పేజీ నాకే ఇచ్చేశారు. కింద ఓ మూల మీ వంటకి ఇమ్మని బతిమాలాను. ఆలోచిస్తానన్నారు.

ఇట్లు,
మీ పుణ్యాన పేజీ దక్కిన మిరాన్

తా.క. అమ్మాయి పడవ దిగుతుంది. మీకు మాత్రమే చెబుతున్నాను.

మరో తా.క. వీలైతే అప్పుడప్పుడూ మీ ఫైలు కూడా తెరుస్తుండండి.