నన్ను ‘నాన్నా’ అన్నదెవరు?

కాలేజీలో మా అమ్మాయి పక్కన నిలిచిన సైగల అనువాదకురాలికి, దీవెనలతో:

తల్లీ, మా అమ్మాయికి వినపడదు. పాఠాలన్నీ నీ చేతుల్లోనే చూస్తోంది. అందుకు రోజూ మోకరించి దేవుణ్ణి స్తుతిస్తున్నాను. ఒక్క మనవి. ఆ జీవశాస్త్రం మాస్టారు మనిషికి కోతి చుట్టమంటాడట. ఆ ముక్క వచ్చినప్పుడు చేతులు కాస్త జేబులో పెట్టుకో.

ఇట్లు,
పిల్ల తండ్రి, వాక్య బోధకుడు.

తా.క. జేబుల్లేకపోతే నేనే కుట్టిస్తాను.

*

అయ్యగారికి నమస్కారాలు.

తరగతిలో వినపడిందల్లా అమ్మాయికి చేరవేయడమే నా పని. తీసేయను, కలపను. మాస్టారి తుమ్మును కూడా వదలను.

విధేయురాలు,
అనువాదకురాలు.

తా.క. మొన్న సైగల్లో కోతిని చూపిస్తే క్లాసంతా చప్పట్లు కొట్టింది. క్షమించాలి.

*

అమ్మా, అనువాదకురాలా!

ఇక లాభం లేదు. సోమవారం నేనే వస్తున్నాను. మాస్టారికి బుద్ధి చెప్పి, పిల్లను చదువు మాన్పించి తెచ్చుకుంటాను.

ఇట్లు,
రోషంగల బోధకుడు.

తా.క. తుమ్మును మోసేదానివి, ఒక్క లేఖనాన్ని మోయలేవా?

*

అనువాదకురాలికి (ఈసారి దీవెనలు లేవు):

క్లాసు మధ్య నిలబడి “పద ఇంటికి!” అని నేను గర్జిస్తే, నువ్వేమన్నావు? “నాన్నా, అరవకు. నా పరువు తీస్తున్నావు. నేను రాను, ఇక్కడే చదువుకుంటాను!” నేను నీకెప్పుడు నాన్ననయ్యాను? నువ్వు చదివితే నాకేం, మానితే నాకేం? పాపం, మా పిల్ల నోరెత్తకుండా చేతులాడిస్తూ నిలబడింది. ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు రాస్తున్నాను.

ఇట్లు,
అవమానం పాలైన బోధకుడు.

తా.క. మాస్టారు మంచినీళ్లిస్తే తాగాను. శత్రువు నీళ్లు చల్లగానే ఉన్నాయి.

*

అయ్యగారూ, నమస్కారం.

ఆ మాటలు నావి కావు. అమ్మాయి చేతులతో అన్నవాటినే నేను నోటితో పలికాను. ఆమె “నేను” అంటే నేనూ “నేను” అనాలి, మా పద్ధతి అది. మీ గర్జనను కూడా ఆమెకు పూర్తిగా చూపించాను. భుజాలింకా లాగుతున్నాయి.

విధేయురాలు,
అనువాదకురాలు.

తా.క. ఫిర్యాదులో నా తప్పొకటి రాసుకోండి: “పరువు” మాటను మెల్లగా పలికాను. ఆమె చాలా గట్టిగా అంది.

*

నా తల్లికి, వేయి దీవెనలతో:

ఫిర్యాదు చించేశాను. ఇంట్లో మావి “తిన్నావా, పడుకో” సైగలే. నా బిడ్డ నాతో నిండుగా మాట్లాడింది అదే మొదలు. తిట్టే అయినా ఎంత తియ్యగా ఉందో! మాట తడబడే మోషేకు నోరుగా అహరోను దొరికినట్టు దానికి నువ్వు దొరికావు. చదువు మాన్పించను. నేనూ సైగల తరగతిలో చేరాను.

ఆదివారం నా ప్రసంగానికి నిన్ను పిలవమంటోంది అమ్మాయి. ఇన్నేళ్లూ ముందు వరసలో తలాడిస్తుంటే, వాక్యానికి కరిగిపోతోందనుకున్నాను. అసలు నేనేం చెబుతానో ఇప్పుడైనా తెలుసుకుంటుందట. తప్పక రా.

ఇట్లు,
నీకు రుణపడిన నాన్న.

తా.క. నీ భుజాలను తలచుకుని మూడు గంటల ప్రసంగాన్ని గంటకు కుదించాను. ఆ మాట ప్రకటించగానే సంఘమంతా లేచి నిలబడి నీకు కృతజ్ఞతలు చెప్పింది.