అక్క పేరు కింద నా ప్రకటన

మిల్‌బ్రూక్, ఒహాయో, 1879 మార్చి 4

తిర్జా అక్కా, నువ్వు అమ్మ దగ్గరికి క్షేమంగా చేరావని తెలిసి నా ప్రాణం కుదుటపడింది.

నిన్న బావ మా పత్రికాఫీసుకు వచ్చి, నువ్వు అకారణంగా ఇల్లు విడిచిపోయావనీ, తన పేరు మీద నీకెవరూ అరువివ్వొద్దనీ ప్రకటన ఇచ్చిపోయాడు. ఆ మాటలు మా దగ్గర ఎప్పుడూ సీసపు అచ్చుల్లో కూర్చి సిద్ధంగా ఉంటాయి, పేర్లు మారిస్తే చాలు. రెండేళ్లుగా ఎందరో ఆడవాళ్ల పేర్లు నేనే అందులో పెట్టాను, ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఇది మా అక్క పేరండీ, నేను పెట్టను" అన్నాను.

"అయితే పేరులో తప్పు రాదులే, కానియ్" అన్నాడు ఎడిటర్ కల్వర్ గారు.

పెట్టాను. దాని కిందే నాదొకటి కూర్చాను: "తిర్జా మొగుడి దెబ్బలు తాళలేక వెళ్లింది. ఆమెకు తమ్ముడి ఇల్లుంది. ఏసా."

కల్వర్ గారు చదివి, "మీ బావ నీ మీదికొస్తాడురా" అన్నాడు.

"రమ్మనండి. ఈసారి మగాణ్ణి కొట్టి చూస్తాడు."

ఆయన నా ప్రకటన మళ్లీ ఓసారి చదివాడు. తర్వాత, "ఇంకాస్త పెద్దక్షరాలు పెట్టు" అన్నాడు.

నీ చెయ్యి వాపు తగ్గిందా? ఆవు ఈనిందా? నా ఉన్ని మేజోళ్లు పంపు. అమ్మను ఏడవొద్దని చెప్పు.

ఈ పోస్టుకార్డు మీ పోస్టుమాస్టరు చదువుతాడని తెలుసు. చదివి ఊరంతా చెప్పమను. అక్కడికి మా పత్రిక రాదు కదా.

నీ తమ్ముడు,
ఏసా