పండుగప్ప తలకాయ

ఏవండీ,

మీరు పోయి ఏడాదైంది. మనిద్దరం అనుకున్న ప్రపంచయాత్రకి నేనొక్కదాన్నే బయల్దేరాను. ఇప్పుడు వియత్నాంలో ఓ సముద్రపు ఊళ్లో ఉన్నాను. మీ లెక్చర్లన్నీ పాటిస్తున్నాను చూడండి. రోజుకో ఊరని పరుగులు పెట్టకుండా, వంటిల్లున్న గది నెల్లాళ్లకి తీసుకున్నాను. ఒక్క బ్యాగే తెచ్చాను. బంగారమంతా బందర్లో అక్క దగ్గర ఉంచి, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ గొలుసు వేసుకున్నాను. "పోతే ఏడుపొచ్చే వస్తువేదీ ప్రయాణంలో వెంట ఉండకూడదే" అనేవారుగా.

"కొత్త ఊళ్లో ముందు చేపల మార్కెట్‌కి వెళ్లాలి" అని కూడా అనేవారు. ఈ పొద్దున వెళ్లాను. పండుగప్ప కనపడగానే, బందర్లోలాగే అడక్కుండా మొప్పలెత్తి చూశాను. అమ్మే ఆవిడ ముందు కసిరింది, తర్వాత నవ్వేసింది. భాష రాదు కాబట్టి సైగలతోనే బేరమాడి ముక్కలు కొట్టించాను. తలకాయ వేరే కవర్లో వేయించాను.

గదికొచ్చి కవర్లు విప్పాక గుర్తొచ్చింది. తలకాయ నేనెప్పుడూ తినను. అది మీకోసం విడిగా తీయించేదాన్ని.

మెడ తడుముకున్నాను. గొలుసు ఉంది. అయినా ఏడుపొచ్చిందండీ.