వెయ్యి అంకెల సాక్షి

9 జూలై 2025, బుధవారం

భూపేష్ వచ్చాడు. బేతంచెర్ల హైస్కూల్లో నా దగ్గర మూడేళ్ళు లెక్కలు చదివాడు. ఇప్పుడు ఇక్కడే కర్నూల్లో ఒక ప్రైవేట్ స్కూలుకు కరస్పాండెంట్. పై (π) డే చేస్తున్నారట, నేను రావాలట. అది మార్చి పద్నాలుగు కదరా అన్నాను. మార్చిలో పరీక్షల గోల ఉంటాది సార్, ఇరవై రెండు బై ఏడు కదా, అందుకే జూలై ఇరవై రెండు పెట్టుకున్నాం అన్నాడు. ఒక స్థిరాంకానికి పుట్టినరోజు చేసి కేకు కోస్తారట. ఖర్మ.

నాకు రెండు పనులు. కాలిక్యులేటర్ రాకముందు లెక్కలు ఎలా చేసేవాళ్ళమో ఐదు నిమిషాలు మాట్లాడాలి. తర్వాత టెన్త్ అమ్మాయి ఒకతె పై విలువలో వెయ్యి అంకెలు చూడకుండా చెబుతుంది. రికార్డు ఇచ్చేవాళ్ళకు గెజిటెడ్ సాక్షి కావాలి. రిటైరైన హెడ్మాస్టరైనా చెల్లుతుందట. నేను కాగితం పట్టుకుని ప్రతి అంకె సరిచూసి, చివర ఫారం మీద సంతకం పెట్టాలి.

ఒప్పుకున్నాను. ఎందుకో నాకు తెలుసు. రిటైరైన ఆరేళ్ళలో నన్నెవరూ దేనికీ పిలవలేదు.

12 జూలై

లాగ్ టేబుల్స్ దొరికాయి. మా ఆవిడ రెజీనా పాత పాటల పుస్తకాల కింద దాచి ఉంచింది. అట్ట ఊడిపోయింది, పేజీలు అప్పడాల్లా విరుగుతున్నాయి. నేను చదివిన పత్తికొండ స్కూల్లో ముగ్గురికి ఒక పుస్తకం ఇచ్చేవాళ్ళు. ఎడమచేతి వేలు వరుస మీద, కుడిచేతి వేలు నిలువు గడి మీద పెట్టి, రెండూ కలిసేచోట అంకె తీసుకుని, దానికి పేజీ అంచు గడుల్లోని చిన్న తేడా, మీన్ డిఫరెన్స్, కలిపి రాసుకోవాలి. వేలు ఒక్క వరుస కిందికి జారితే బావి లోతు కాస్తా కొండ ఎత్తయ్యేది. జవాబు రాగానే ఇది నిజమేనా, బావి అంత లోతు ఉంటుందా అని మనసులో ఒకసారి అడుక్కునేవాళ్ళం. కాలిక్యులేటర్ వచ్చాక పోయింది ఆ అడుక్కోవడమే. ఇదే చెబుతాను. ఐదు నిమిషాలు సరిపోదు.

15 జూలై

రిహార్సల్‌కు వెళ్ళాను. ఆ అమ్మాయి పేరు శ్రావణి. బడి తెరిచిన దగ్గర్నుంచీ దానికి క్లాసులు లేవు. ల్యాబ్ గదిలో కూర్చోబెట్టి బట్టీ పట్టిస్తున్నారు. ఒక లాంగ్ నోట్‌బుక్, వరుసకు పది అంకెలు, వంద వరుసలు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

పై అంటే ఏమిటమ్మా అని అడిగాను. మూడు పాయింట్ ఒకటి నాలుగు అని మొదలుపెట్టింది. అది కాదు, అసలు దేన్ని దేనితో భాగిస్తే వస్తుంది అన్నాను. తల వంచుకుంది. నాకు ఈ అంకెలే ఇచ్చినారు సార్, మిగతాది వద్దన్నారు అంది. పోలేరమ్మకు మేకపిల్లను మేపినట్టు మేపుతున్నారు.

వాళ్ళ నాయన మద్దిలేటి బేతంచెర్లలో బండల పాలిష్ పని చేస్తాడు. రికార్డు వస్తే వచ్చే ఏడు ఈ స్కూలు వాళ్ళ కాలేజీలోనే ఇంటర్, హాస్టల్‌తో సహా ఫ్రీ. రాకపోతే టెన్త్‌తో చాలు, మళ్ళా ఊరికి రా అన్నాడట. నాకు ఎంపీసీ చదవాలని శానా ఉండాది సార్ అంది. ఆ మాట మాత్రం బట్టీ పట్టింది కాదు.

22 జూలై, సాయంత్రం 6

కార్యక్రమం బాగా జరిగింది.

23 జూలై

నిన్న రాసింది అబద్ధం. నా డైరీలో నాకే అబద్ధం రాసుకునే స్థితికి వచ్చాను.

గేటు మీద పెద్ద ఫ్లెక్సీ. దాని మీద 22/7 = 3.14159265. ఆ రెండూ మూడో దశాంశంలోనే విడిపోతాయి. లెక్కల పండగ గేటు మీదే తప్పు లెక్క. లెక్కల టీచర్లు ఆరుగురున్నారు, అందరూ దాని ముందే నిలబడి సెల్ఫీ తీసుకున్నారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. పిల్లలు ఎండలో. ఆయన వచ్చి, చిన్నప్పుడు తనకు లెక్కలంటే భయమని గొప్పగా చెప్పుకున్నాడు. చప్పట్లు. నా ఐదు నిమిషాలు రెండయ్యాయి. లాగ్ టేబుల్స్ పైకెత్తి చూపించమన్నారు, ఫోటో తీసుకున్నారు, కూర్చోమన్నారు. మ్యూజియంలో పెట్టిన వస్తువు కూడా నాకంటే ఎక్కువసేపు నిలబడుతుంది. పై గుర్తు ఆకారంలో కేకు. ఒక కాలు నాకు పెట్టారు. తిన్నాను. నా మీద నాకే రోత.

తర్వాత శ్రావణి. తెల్ల గౌను వేసి, తలకు అంకెలు రాసిన అట్ట కిరీటం పెట్టారు. వెనక తెర మీద ఎన్ని అంకెలయ్యాయో లెక్క పరుగెత్తుతోంది. అది ఆ పిల్ల నోరు విని లెక్కపెట్టడం లేదు. కంప్యూటర్ మాస్టర్ ముందే చేసి ఉంచిన వీడియో.

నేను పెన్సిల్‌తో ప్రతి అంకె మీద చుక్క పెడుతూ పోయాను. నలభై ఆరు వరుసలు ఒక్క తప్పు లేదు. నలభై ఏడో వరుస వదిలేసి నలభై ఎనిమిదిలోకి దూకింది. వెంటనే ఆగింది. ఏదో తేడా వచ్చిందని దానికి తెలిసింది. నా వైపు చూసింది.

చెయ్యెత్తాను. భూపేష్ నన్నే చూస్తున్నాడు. అతిథి ఫోను చూసుకుంటున్నాడు. ఎత్తిన చెయ్యి కళ్ళద్దాల మీదికి పోయి వాటిని సర్దింది. ఆ పిల్ల ఇంకా నన్నే చూస్తోంది. తల ఊపాను. సరే, కానీ అన్నట్టు.

అది ముందుకు పోయింది. చెప్పింది తొమ్మిది వందల తొంభై. తెర మీద వెయ్యి. రంగు కాగితాలు పేల్చారు.

26 జూలై

ఫారం పంపాడు భూపేష్. "అన్ని అంకెలూ స్వయంగా సరిచూసి ధ్రువీకరిస్తున్నాను." సంతకం పెట్టనని ఫోన్లో చెప్పాను. ఒక వరుస పోయింది అన్నాను. వెయ్యిలో పది సార్, ఒక పర్సెంట్, ఎవరు చూస్తాండారు సార్ అన్నాడు. నా దగ్గర పర్సెంటేజీలు నేర్చుకున్నవాడే.

తిమ్మయ్య గుర్తొస్తున్నాడు. ఎనభై తొమ్మిదిలో, బేతంచెర్లలో. అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కంతా సరిగ్గా చేసి, లాగ్ టేబుల్లో వరుస తప్పి చూశాడు. పద్ధతి సరే, వరుస తప్పు అని సున్నా వేశాను. ఏడ్చాడు. లెక్క అంటే లెక్కే అని క్లాసందరి ముందూ చెప్పాను. గర్వంగా చెప్పాను. పెద్ద మొనగాణ్ణి.

28 జూలై, ఉదయం 8

మద్దిలేటి వచ్చాడు. బేతంచెర్ల నుంచి మొదటి బస్సుకు వచ్చినట్టున్నాడు. కనుబొమల నిండా తెల్లటి రాతిపొడి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. సంతకం దగ్గర పని ఆగిందని కరస్పాండెంట్ చెప్పాడట. సారూ, పాప ఏమన్నా తప్పు చేసిందా అని అడిగాడు. అది పలికేటప్పుడు నేను యాడనో వెనకాల నిలబడి విన్యా, ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ కండ్లల్లో నీళ్ళు కారినాయి సారూ అన్నాడు. ఒగ సంతకమే కదా సారూ అన్నాడు.

తప్పు పాపది కాదు, తల ఊపింది నేను అని చెప్పాల్సింది. కాఫీ తాగి పో అన్నాను.

29 జూలై

సంతకం పెట్టాను. గెజిటెడ్ అలవాటు ప్రకారం పచ్చసిరాతో. కింద స్టాంపు కూడా.

5 ఆగస్టు

రికార్డు వచ్చిందని పేపర్లో ఫోటో. కిరీటంతో శ్రావణి, పక్కన భూపేష్, చివర సగం తెగిపోయి నేను. సాయంత్రం ప్రార్థనకు వెళ్తే చర్చిలో కృపమణి టీచర్ అందరికీ చూపిస్తోంది. మీలాంటోళ్ళు ఉండబట్టే సార్ ఈ కాలంలో పిల్లలు పైకొస్తాండారు అంది. రెజీనా ఇంటికొచ్చాక, పేరు పేపర్లో పడితే ముఖం ఎందుకట్లా పెట్టుకున్నావు అంది. కడుపులో బాగాలేదన్నాను. అది అబద్ధం కాదు.

10 ఆగస్టు, ఆదివారం, మధ్యాహ్నం 2

శ్రావణి వచ్చింది. హాస్టల్లో ఔటింగ్ అడిగి, ఒక్కతే ఆటోలో వచ్చింది. లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది. స్కూలు వాళ్ళు పెట్టిన వీడియోను ఆపి ఆపి చూస్తూ నోట్‌బుక్‌తో సరిచూసుకుందట. నలభై ఏడో వరుస కింద ఎర్రగీత గీసింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకు అనుమానమొచ్చి మీ తట్టు చూసినా సార్, మీరు తల ఊపినారు, కరెక్టే అనుకున్యా అంది.

రికార్డు వాళ్ళకు ఉత్తరం రాసుకొచ్చింది. ఒక వరుస వదిలేశానని, రికార్డు వెనక్కి తీసుకోమని. పిల్ల మాట నమ్మరు కాబట్టి కింద సాక్షి సంతకం నేను పెట్టాలట.

సీటు పోతుంది అన్నాను. తెలుసు అంది. మీ నాయనకు ఏం చెబుతావు అన్నాను. ఏడుస్తాడు సార్ అంది. మరెందుకమ్మా ఇదంతా అన్నాను, గొంతు పెంచి. దాని మీద కోపం ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. అది నింపాదిగా, లెక్కల సారే తప్పుకు తల ఊపితే, ఇంక రేపు నాకు ఎవరు మార్కులేసినా నేనెట్ల నమ్మేది సార్ అంది.

ఇప్పుడు వసారాలో రెజీనా దానికి అన్నం పెడుతోంది. నేను లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. పచ్చ పెన్ను కనబడటం లేదు, వెతుకుతాను అని చెప్పి వచ్చాను. పెన్ను జేబులోనే ఉంది. నా పేరు, నా స్టాంపు, నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసు. భూపేష్ ఏమంటాడు, కృపమణి టీచర్ ఏమనుకుంటుంది. ఇవీ నేను లోపల కూర్చుని వేస్తున్న లెక్కలు. ఛీ.

అదే రోజు, 4 గంటలు

సంతకం పెట్టాను. కాగితం వెనక్కి ఇస్తే, నా పెన్నే అడిగి తీసుకుని, నా సంతకం కింద తన పేరు కూడా రాసింది. మళ్ళీ ఇదెందుకమ్మా అన్నాను.

ఈసారి మీరు చూసే పెట్టినారని నేను సాక్షి సార్ అంది.