వెనక మెట్ల తాళం

క్వార్టర్ల నిర్వహణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడో బ్లాకు వెనక మెట్లదారికి తమ ఉత్తర్వు మేరకు వేసిన తాళమును తీయించుట గురించి; అందులో నాతో తిరుగుచున్నట్లు చెప్పబడిన ‘అనుమతి లేని రెండవ వ్యక్తి’ గురించి.

సదరు బ్లాకు మొదటి అంతస్తులో కాపురముంటున్న లిఫ్టు ఆపరేటరును, విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ఇరవై రెండేళ్లుగా పెద్దాఫీసు లిఫ్టులో స్టూలు మీద కూర్చుని జనాన్ని పైకీ కిందకీ తిప్పుచున్నవాడను. నా సొంత కాళ్లతో ఎక్కిన మెట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చును. వానలకు ముందు గుండె డాక్టరు గారు నా కాగితాలు చూసి, "రోజూ నలభై నిమిషాలు ఒళ్లు చెమట పట్టేలా నడుస్తావా, లేకపోతే నీ లిఫ్టులోనే నేరుగా పైకి పోతావా?" అని అడిగారు. నడుస్తానని ఒప్పుకొంటిని.

2. ముసురు పట్టి ఇది ఏడో వారం. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. ముందు మెట్లకు కప్పు లేదు, నాచు పట్టి జారుచున్నవి. (ఆ నాచు గురించి నేను పెట్టిన మూడు అర్జీలు తమ బీరువాలో తడవకుండా క్షేమంగా ఉన్నవని వింటిని.) ఇంట్లో తిరుగుదామంటే మంచానికీ గోడకీ మధ్య నాలుగడుగుల జాగా. అక్కడే తిరుగుతుంటే మా ఆవిడ, "గానుగెద్దు తిరిగితే నూనైనా వస్తుంది. నువ్వు తిరిగితే నాకు తలనొప్పి తప్ప ఏమొస్తోంది?" అన్నది. కావున మిద్దె మీది నీళ్ల ట్యాంకు దాకా పోవు వెనక మెట్లే గతియైనవి. వాటికి కప్పు ఉన్నది. కింద ఒక్కటే ఇనుప తలుపు. ప్రతి అంతస్తులోనూ వంటింటి కిటికీలు ఆ మెట్ల మీదికే ఉన్నవి.

3. నాకు తోడు నాలుగో అంతస్తులోని గడియారాల మెకానిక్కు. పెద్దాఫీసు గోడ గడియారాలన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. చుట్టరికం ఏమీ లేదు గానీ, ఆయన నాకు బావ, నేనాయనకు బావ, ఆయన భార్య నాకు అక్కయ్య. ఆయనకూ అదే డాక్టరు, అదే శిక్ష. ఎడమ కాలు కొంచెం ఈడ్చేవాడు.

మెట్లు ఎక్కి దిగడమంత విసుగు పని లోకంలో మరొకటి లేదు, తమ ఆఫీసు వరండాలో కూర్చోవడం తప్ప. మూడో రోజుకే బావ, "గుండె సంగతేమో గానీ, ముందు బుర్ర ఆగిపోయేలా ఉంది బావా" అన్నాడు. అందుచేత ఆటలు కనిపెట్టితిమి. ఒక అంతస్తు ఎండ్రకాయలా పక్కకి ఎక్కడం. ఒక అంతస్తు తమరు తనిఖీకి వచ్చినట్టు, పొట్ట ముందూ ఫైలు వెనకా పెట్టుకుని ఎక్కడం. (క్షమించవలెను. బావ తమర్ని నాకన్నా బాగా చేసేవాడు.) వీటన్నిటికన్నా పెద్దాట, కిటికీ పందెం. తరవాతి కిటికీ వెనక ఏం జరుగుతోందో ముందే చెప్పాలి: పోట్లాటా, పాటా, అంట్లా. ఓడినవాడు గుండె పట్టుకుని చచ్చినట్టు పడిపోవాలి. గెలిచినవాడు శవం ముందు ఏడవాలి. ఆ ఏడుపు నచ్చితేనే పడ్డవాడు లేవాలి. నచ్చకపోతే లేవకూడదు. ఈ నియమం పెట్టినది నేనే.

నేను రోజుకు రెండుసార్లు చచ్చేవాణ్ణి. బావ ఎంత కమ్మగా ఏడ్చేవాడంటే, రెండో అంతస్తు టైపిస్టమ్మ మొదటిరోజు గరిటెతో సహా కిటికీ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. తరవాత్తరవాత, "మళ్లీ మొదలుపెట్టారా మీ చావు!" అని కిటికీ మూసేసేది.

4. నాలుగో వారంలో ఒక సాయంత్రం బావ మొట్టమొదటిసారి ఓడిపోయెను. మూడో అంతస్తు కిటికీ వెనక పోట్లాట అన్నాడు. పాట వినిపించింది. ఆ పై మలుపు దగ్గర గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. నాకు పండగే. ఎదురుగా గొంతుక్కూర్చుని, "అయ్యో బావా, ఆఫీసు గడియారాలన్నీ ముండమోసినయ్యి బావా" అని రాగం తీసి ఏడిచాను. లేవలేదు. ఏడుపు నచ్చలేదనుకున్నాను. "సరే, ఇంకా మంచిది కట్టుకొస్తానుండు" అని పైకి పోయి, కిందకి దిగి, మళ్లీ వచ్చి ఇంకో రాగం తీశాను. ఒక వేలు పైకెత్తాడు. ఇంకొక్కసారి అంటున్నాడనుకున్నాను. మరి రెండు చుట్లు తిరిగాను అయ్యా. మూడోసారి నా ఏడుపు చాలా బాగా వచ్చింది. అంత బాగా ఏడిచినా లేవకపోయేసరికి చెయ్యి పట్టుకుని లాగాను.

ఆయన చేతి గడియారం మాత్రం ఆడుతూనే ఉంది. దాని ప్రకారం ఆయన కూర్చుని పదకొండు నిమిషాలు. "ఒక్క పది నిమిషాలు ముందు తీసుకురావాల్సింది" అని డాక్టరు గారు నాతో ఒక్కడితోనే అన్నారు.

"బాధపడ్డాడా తమ్ముడూ?" అని అక్కయ్య అడిగింది. "లేదక్కయ్యా, చిటికెలో పోయాడు" అన్నాను. శవం దగ్గర అందరూ ఏడుస్తుంటే నేను నోరు బిగబట్టుకుని నిలబడ్డాను. తెరిస్తే అదే రాగం వస్తుందని భయం. "నీకు ఒక్క చుక్కైనా రాలేదేం తమ్ముడూ?" అన్నది. ఆనాటినుంచి నేను ఎదురుపడితే తలుపు వేసుకుంటోంది.

5. పదిరోజుల తరవాత, డాక్టరు గారి మాట తీసివేయలేక, మరల ఒంటరిగా మెట్లెక్కుట మొదలుపెట్టితిని. టైపిస్టమ్మ తమకిచ్చిన ఫిర్యాదులో ‘ఇద్దరు తిరుగుచున్నారు, ఒకరు కాలు ఈడ్చుచున్నారు’ అని ఉన్నది. ఆమె అబద్ధమాడలేదు. నాకూ వినబడుచున్నది, నాకన్నా అరంతస్తు పైన. ఊరందరినీ ఆటపట్టించినవాణ్ణి, నన్నెవడో ఆటపట్టిస్తున్నాడనుకుని మెట్ల మీద సుద్దపొడి చల్లి చూశాను. నా పాదాలే పడ్డవి. మూడో అంతస్తు పై మలుపుకు రాగానే ఆ అడుగు ఆగిపోవును. నేనూ అక్కడే ఆగి, నోరు తెరవకుండానే కిందకి దిగిపోతున్నాను.

కావున తమరు దయచేసి సదరు తాళమును తీయించవలెననియు, రెండవ వ్యక్తి బయటివాడు కాడనియు, పద్దెనిమిదేళ్లుగా ఇదే బ్లాకులో కాపురమున్నవాడనియు గ్రహించి, వీలైతే ఆయన పేర కూడా ఒక అనుమతి కాగితం ఇప్పించవలెననియు ప్రార్థన. ఇంతకన్నా రాయుటకు చెయ్యి రానందున ఈ నాలుగు ముక్కలే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
లిఫ్టు ఆపరేటరు
(ఇద్దరిలో కాలు ఈడ్చనివాడు)

తా.క.: ఈ అర్జీ రాసి జేబులో పెట్టుకుని పొద్దున డ్యూటీకి పోతుంటే టైపిస్టమ్మ దారికడ్డం వచ్చింది. "తాళం వేసి నాలుగు రోజులైంది కదా, ఎలా దూరుతున్నారండీ లోపలికి? నిన్న మధ్యాహ్నం కూడా ఒకటే ఈడ్చుడు!" అన్నది. నిన్న మధ్యాహ్నం నేను లిఫ్టులో ఉన్నాను. తమరే ఎక్కారు, అయిదో అంతస్తుకి.

తాళం వేసేముందు లోపలెవరైనా ఉన్నారేమో చూడమని కాపలావాడికి చెప్పాల్సింది అయ్యగారూ. ఆయన అక్కడే మలుపులో ఆగి ఉన్నాడు. నియమం నియమమే, ఏడుపు నచ్చిందాకా లేవడు. ఒక్క పూట తియ్యండి. ఈసారి నాకు రాగం అక్కర్లేదు.