పట్టుపురుగుల గదిలో ఉన్న మనిషిని గురించి

అయ్యా,

విషయం: పట్టుపురుగుల గదిలో నన్ను మూసి ఉంచుట, తమ ఉద్యోగి వాకిట నిలబడే విచారణ ముగించుట గురించి.

తాలూకు అధికారి గారి సముఖమునకు చాకవేలు దగ్గరి పల్లెవాసి పిళ్ళప్ప చేసుకొను రెండవ మనవి.

1. నేను చెట్టు మీద నుండి పడి నడుము కింద చచ్చుబడినవాడను. పెండ్లి లేదు. తమ్ముని కొడుకు మోహన్‌కుమార్ నన్ను చక్కగా చూసుకొనుచున్నాడని ఊరంతా చెప్పుకొందురు. నా పేర ఉన్న మల్బరీ తోట వానికి వ్రాసి ఇవ్వనన్న నాటి నుండి నన్ను పురుగుల గదిలో మూలన పడవేసినాడు. సర్కారు వారు నాకు దయచేసిన మూడు చక్రాల బండిలో ఇప్పుడు ఆకు మూటలు ఊరేగుచున్నవి.

2. ఆ గది తలుపు మూసి ఉంచుట మా వైపు ఆచారము. బయటివారు అడుగు పెడితే పురుగులకు రోగమంటుకొనును. అందుచేత ఎవరూ తొంగి చూడరు. ఆకు తెచ్చు కూలి మనిషి కెంపమ్మ నా సంగతి ఊళ్ళో చెప్పగా, "తలుపు మూయకపోతే పంట యెట్లొస్తాదమ్మా?" అన్నారట.

3. నా మొదటి అర్జీ మీద తమ ఉద్యోగి వచ్చినారు. "పురుగులు పొర విడుస్తాండాయి సార్, లోపలికి రావద్దండి, ఆణ్నుంచే అడగండి" అని మోహన్‌కుమార్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. వారు మర్యాదగా చెప్పులు విడిచి, వాకిటనే నిలబడి, "ఏమప్పా, బాగుండావా?" అన్నారు. వాని చెయ్యి నా మెడ వెనుక ఉండినది. "బాగుండా సార్" అన్నాను. అర్జీదారుడు క్షేమమని వ్రాసుకొని వెళ్ళినారు. పురుగులకు ఇచ్చిన గౌరవములో కొంచెము నాకు ఇచ్చి ఉండవచ్చును. వారు పోయిన తరువాత నాకు పడిన దెబ్బలు వివరించను, సిగ్గుగా ఉన్నది.

4. ఇప్పుడు పురుగులు మేత మాని గూళ్ళు కట్టుచున్నవి. ఇక ఆకు అక్కరలేదు గనుక కెంపమ్మ రేపటి నుండి రాదు. గూళ్ళు సంతకు పోగానే, వచ్చే పంట కోసం గదిలో ఘాటు మందు కొట్టి సందులన్నీ మూసెదరు. లోపల ఊపిరి ఆడదు. పోయిన పంటకు కెంపమ్మ అరిచి గోల చేస్తే నన్ను వసారాలోకి ఈడ్చినారు. ఈసారి వాడు, "సంతకం పెడితే ఎత్తుకొని పోతా పెద్దనాయనా, లేదంటే ఈణ్నే ఉండు" అన్నాడు. అన్నంత పని చేయువాడే. నాకు భయముగా ఉన్నదయ్యా.

కావున తమరు స్వయముగా వచ్చి, వాని ఎదుట నన్నేమీ అడగక, ముందు నన్ను బయటికి మోయించి, వానికి వినపడని చోట అడుగవలెను. ముందుగా వానికి కబురు పంపవద్దు. ఈ కాగితము దాచి తెచ్చిన కెంపమ్మ పేరు బయటపెట్టవద్దు. పంట పోతే పోనీ. మనది కర్ణాటక సర్కారైనా, కన్నడంలో వ్రాయించుటకు మనిషి దొరకనందున తెలుగులోనే వ్రాసుకొన్న ఈ మనవిని మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పిళ్ళప్ప

తా.క.: సారూ, మీరొచ్చే లోపల నేను సంతకం పెట్టేసింటే, అది భయానికి పెట్టిందని ఈ కాగితమే సాక్షి. పెట్టకుండా ఉంటే, మీరు పిలిచినా పలకలేనేమో. పలకలేదని తిరిగి పోవద్దండి. గడియ బయటి పక్కనే ఉండాది.