సిగ్నల్ పోలేదు

ఫిబ్రవరి 6, శుక్రవారం

పొద్దుటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే మోత. రేపు గాలి ఉంటుందా, ఇడ్లీలు ఎవరు తెస్తారు, రిచర్డ్ అన్న కొత్త జీపు మైలేజీ ఎంత. ఇంట్లో ఏం చెప్పి బయటపడాలో కూడా ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. ఆఫీసులో ఫైలు చాటున ఫోన్ పెట్టుకుని అన్నీ చదివాను. మా రిమోట్ హెలికాప్టర్ల పిచ్చి బయటివాళ్ళకు అర్థం కాదు. యాభైకి దగ్గరపడ్డవాళ్ళం, శనివారం వస్తే పిల్లలమైపోతాం.

నా కొత్త హెలికాప్టర్‌కు వైరింగంతా కలీముల్లా భాయ్ చేసిపెట్టాడు. జనరల్ బజార్‌లో కర్టెన్ల షాపు ఆయనది. సెలవురోజు ఇంటి పని మానుకుని మరీ నాకోసం కూర్చున్నాడు. దాన్ని ఎగరేయడం రేపే మొదటిసారి.

ఫిబ్రవరి 7, శనివారం, సాయంత్రం

అల్వాల్ దాటాక మేం ఎగరేసే మైదానంలో ఘోరం జరిగింది. నా హెలికాప్టర్ ఒక్కసారిగా ఒరిగి, జీపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న ప్రిసిల్లా అక్క ముందర పడింది. రిచర్డ్ అన్న భార్య. విరిగిన రెక్క ముక్క ఆమె ముంజేతిని చీల్చేసింది. ఆమె అరవలేదు. చెయ్యి చూసుకుంటూ "రిచీ, రిచీ" అంది, అంతే. చున్నీ మొత్తం తడిసిపోయింది.

కుట్లు పడ్డాయి. నరానికి దెబ్బ తగిలిందట. వేళ్ళు మునుపటిలా ఆడటానికి టైం పడుతుందన్నారు.

సిగ్నల్ పోయింది. ఎవరి రిమోట్‌కైనా పోతుంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చిలో కీబోర్డు మీద గుడ్డ కప్పి ఉంది. ప్రతి వారం దాన్ని వాయించేది ప్రిసిల్లా అక్కే. వట్టి గొంతులతోనే పాడాం. పాస్టర్ గారు ఆమె కోసం ప్రార్థన చేయించారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

నిన్న రాసింది అబద్ధం. సిగ్నల్ పోలేదు.

నేను వీడియో తీసుకుంటున్నాను. రెండు చేతులతో నడపాల్సిన దాన్ని ఒంటిచేత్తో నడిపాను. రిమోట్‌ను కడుపుకు ఆనించుకుని, ఎడమ చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. రీల్ పెడదామని. అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు కాబట్టి నన్నెవరూ చూడలేదు. అది ఒరుగుతుంటే ఫోన్ వదిలేయలేదు. కింద పడితే స్క్రీన్ పగులుతుందని జేబులో పెట్టబోయాను. ఈలోపే హెలికాప్టర్ పడిపోయింది.

ఆస్పత్రి బాత్రూంలో ఆ వీడియో చూశాను. నా నవ్వు వినిపిస్తోంది. డిలీట్ చేశాను. ఏమైందని ఎవరో అడిగితే సిగ్నల్ పోయిందన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది నోటికి. డైరీకి కూడా అదే చెప్పాను. నన్నెవరు అడిగారని?

ఫిబ్రవరి 10, మంగళవారం

సిగ్నల్ ఎందుకు పోయిందని గ్రూపులో చర్చ. వైరింగ్ చేసిందెవరని రిచర్డ్ అన్న అడిగాడు. తెలిసే అడిగాడు. చేతకానివాళ్ళు ముట్టుకోవద్దని, ఇంకొకరి ప్రాణం మీదికి తేవద్దని రాశాడు. కాసేపటికి కలీముల్లా భాయ్ వాయిస్ మెసేజ్. ఆఫీసు మెట్ల మీద నిలబడి విన్నాను.

"గల్తీ నాదే అయ్యుంటది అన్నా. ఏడనో వైరు లూజుగ ఉన్నట్టుంది. జెర మాఫ్ చెయ్యుండ్రి."

చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు.

ఫిబ్రవరి 11, బుధవారం

కలీముల్లా భాయ్ తన హెలికాప్టర్ అమ్మకానికి పెట్టాడు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అన్నం సయించడం లేదు. నా భార్య బ్యూలా అడిగి అడిగి ఊరుకుంది. ఆఫీసు నుంచి నేరుగా జనరల్ బజార్ వెళ్ళాను. నన్ను చూడగానే కలీముల్లా భాయ్ లేచి, అక్క చెయ్యి ఎట్లుందని అడిగాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ వచ్చేలోగా చెప్పేశాను. వచ్చాక తాగలేకపోయాను.

ఆయన ముందున్న కర్టెన్ గుడ్డ మడతపెట్టాడు.

"వారం సంది నిద్ర లేదు భాయ్ నాకు. ఒక్కొక్క వైరు యాదికి తెచ్చుకున్న. నా చేతులతోని ఒక ఆడామె చెయ్యి ఖరాబైందని రుఖియాకు సుత చెప్పిన."

రుఖియా ఆయన భార్య. నా హెలికాప్టర్‌కు వైరింగ్ చేసిన రోజు మాకు బిర్యానీ పెట్టింది.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నాకు చెప్తే ఏం ఫాయిదా, పోయి అక్కకు చెప్పుకో అన్నాడు. నిండుగా ఉన్న నా గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

ఫిబ్రవరి 14, శనివారం

లాలాగూడలో వాళ్ళింటికి వెళ్ళాను. రిచర్డ్ అన్న తలుపు తీసి, మనింటివాణ్ణి పిలిచినట్టు లోపలికి పిలిచాడు. ప్రిసిల్లా అక్క సోఫాలో కూర్చుని మెత్తటి బంతి నొక్కుతోంది. చిటికెన వేలు ముడుచుకోవడం లేదు. కూర్చోకుండానే చెప్పాను.

ఆ వీడియోలో తను ఉందా అని అడిగింది. ఉన్నావక్కా అన్నాను. చూపించమంది. డిలీట్ చేశానన్నాను. అప్పుడు నా మొహం చూడటం మానేసి భర్త వైపు తిరిగింది.

"ముందు కలీముల్లా అన్నకు ఫోన్ చెయ్యి. ఎన్ని మాటలన్నావు ఆయన్ని!"

రిచర్డ్ అన్న చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. ఇక్కడ చెప్తే సరిపోదు, అందరికీ తెలిసేలా రాయమన్నాడు. వాళ్ళ వరండాలో, చెప్పుల పక్కన నిలబడి గ్రూపులో రాశాను. అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. మల్కాజ్‌గిరిలో మా ఇంటికి చేరి చూసుకుంటే గ్రూపులో నేను లేను.

బ్యూలాకూ చెప్పాను. రేపు చర్చికి తను ఒక్కతే వెళ్తానంది.

ఫిబ్రవరి 21, శనివారం

పొద్దున్నే కలీముల్లా భాయ్ నంబర్ నుంచి ఫోన్. ఎత్తితే మాట లేదు. హెలికాప్టర్ రెక్కల చప్పుడు. ఆయనదే, గుర్తుపట్టాను. అమ్మలేదన్నమాట. కావాలని చేశాడో, జేబులో దానంతటదే నొక్కుకుందో.

హలో అనలేదు. అది కిందికి దిగేదాకా విన్నాను.